నీతి నియమాలు: త్వరలో

జనవరి 6, సోమవారం

సోషల్ మీడియాను ఒక చదువుగా చదవాలనుకునేవాడికి ఇంటర్నెట్‌లో ఏం తక్కువ? ఉచిత పాఠాలున్నాయి, దొంగ వీడియోలను పట్టుకునే పరికరాలున్నాయి, చెరిపేసిన పేజీలను దాచి ఉంచే సైట్లున్నాయి, లక్షల పోస్టులు మూటగట్టి పెట్టినవాళ్ళున్నారు. అన్నీ ఇంగ్లీషులోనే, అన్నీ పరాయి ఊళ్ళవే. లండన్ ముసలివాళ్ళు ఏ పుకారు నమ్ముతారో తెలుసుకోవచ్చు. బళ్ళారి మిరపచేలో కాయ కోసే ఆడమనిషి ఫోన్లో ఏం మాట్లాడుతుందో మాత్రం ఎవరికీ పట్టలేదు. తెలుగులో వెతికితే యూట్యూబ్‌లో డబ్బు సంపాదించే చిట్కాలు వస్తాయి. కన్నడంలో వెతికినా అవే చిట్కాలు.

మా పిల్లలకు ఎన్నాళ్ళని లింకులు బోర్డు మీద రాసిస్తాను? వాళ్ళు ఒక అక్షరం తప్పు రాసుకుంటారు, ఆ లింకు ఎక్కడికో పోతుంది, వాళ్ళూ దాని వెంటే పోతారు. అందుకే పేజీ మొదలుపెట్టాను. "సోషల్ మీడియా, డిజిటల్ మీడియా అధ్యయనానికి ఆన్‌లైన్ వనరులు". తెలుగు, కన్నడ రెండింట్లో. ప్రతి లింకు కింద అది దేనికి పనికొస్తుందో రెండు వాక్యాలు.

తిప్పన్న సార్ చూశారు. మా జర్నలిజం విభాగానికి ఆయనే పెద్ద. కాలేజీ పేరు పైన పెద్దగా పెట్టమన్నారు. నా పేరు కింద చిన్నగా పెట్టుకోవచ్చట. ఆరేళ్ళుగా గెస్ట్ లెక్చరర్ని. అతిథి పేరు పెద్దగా రాస్తే ఇల్లు ఎవరిదో జనం మరిచిపోతారని కాబోలు.

చివర్లో "నీతి నియమాలు" అని ఒక విభాగం పెట్టి ఖాళీగా వదిలాను. ఎవరి మాటలు వాడుకోవచ్చు, ఎవరిని అడగాలి, అదంతా. "ఇదేంది ఖాళీ" అన్నారు సార్. "త్వరలో" అని రాశాను.

జనవరి 9, గురువారం

బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ ప్రకటన వేసింది. డిజిటల్ మీడియా మీద మూడేళ్ళ ఉద్యోగం. సెలవుల్లో కూడా జీతం ఇచ్చే ఉద్యోగం. "స్థానిక భాషలో సొంతంగా సేకరించిన సమాచారం ఉన్నవారికి ప్రాధాన్యం" అని రాశారు.

నా దగ్గర అందరి లింకులూ ఉన్నాయి. సొంతమంటూ ఏముంది?

అక్క వాళ్ళ వాట్సాప్ గుంపు ఉంది.

జనవరి 12, ఆదివారం

మా ఊరు రూపనగుడి వెళ్ళి వచ్చాను. మిరప కోతలు జోరుగా ఉన్నాయి, ఊరంతా తుమ్ములే. కోతలకు పోయే ఆడవాళ్ళందరికీ కలిపి ఒక గుంపు ఉంది, అక్కే దానికి పెద్ద. వాళ్ళలో సగం మందికి చదువు రాదు కాబట్టి రాతల్లేవు, అన్నీ వాయిస్ మెసేజ్‌లే, గొంతులే. రేపు ఎవరి చేను, టెంపో ఎన్నింటికి, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి మొగుడు తాగి వచ్చాడు. సగం తెలుగు, సగం కన్నడం, మధ్యలో బజారు ఉర్దూ. ఇలాంటిది ప్రపంచంలో ఏ సైట్‌లోనూ లేదు.

"అక్కా, ఇవి నాకు కావాలి. అందరినీ అడగాలి" అన్నాను.

"నేను అడుగుతాలే. నువ్వు అడిగితే సంతకం అంటావు, పేపరు అంటావు, భయపడతారు" అంది అక్క.

సాయంత్రం బోరింగు పక్కన కొట్రేశ్ వాళ్ళింట్లో టీ తాగాను. కొట్రేశ్ మా కాలేజీలోనే నా క్లాసు పిల్లవాడు. వాళ్ళ చెల్లెలు సహన రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు, ఆదివారాలు తల్లితో కోతకు పోతోంది. నన్ను వదిలితే కదా.

"అక్కా, జర్నలిజం చదివితే మైకు పట్టుకోని నడిరోడ్డులో నిలబడాల్నా?"

"నీకు ఇష్టం లేకపోతే వద్దు."

"ఇష్టమే అక్కా. మా అన్న నిలబడలేడు, వానికి సిగ్గు. నేను నిలబడతా."

మార్చిలో పరీక్షలు కానీ, కాలేజీలో చేర్పించే పూచీ నాది అన్నాను. వాళ్ళమ్మ ముఖం చూడాలి.

రాత్రి అక్క నుంచి వాయిస్ మెసేజ్: "అందురూ సరే అన్నారు. పాత మాటలు గూడా తీసుకో."

అందరూ ఒప్పుకున్నారు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 20, సోమవారం

వారం నుంచి గొంతులతోనే కాపురం. పేరు వచ్చిన ప్రతిచోటా బీప్ పెట్టాను. చిత్రమేమిటంటే పేర్లే తక్కువ. మా ఊళ్ళో ఆడవాళ్ళు పేర్లు పలకరు. మొగుడి పేరు సరే సరి, పక్కింటావిడ పేరు కూడా నోట రాదు. పడమటింటి కోడలు, గిర్నీ సందు ముసలమ్మ, బోరింగు పక్కింటి పిల్ల. ఇవి పేర్లు కావు కదా. ఇవి కూడా తీసేస్తే కూరలో ఉప్పు తీసేసినట్టే. ఉంచాను. వినేవాళ్ళు ఏ బెంగళూరులోనో బెర్లిన్‌లోనో ఉంటారు, వాళ్ళకు బోరింగు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఒక ముక్క బంగారం. శరణప్ప గురించి అక్క చెప్పింది. కూలివాళ్ళను టెంపోలో చేలకు తోలే మేస్త్రి అతనే. అక్క మాటలు ఉన్నవి ఉన్నట్టు:

"వినండమ్మా. ఇంగ మీద బోరింగు పక్కింటి పిల్లని టెంపోలో ముందర సీట్లో కూసోబెట్టాకండి. నిన్న దిగేటప్పుడు ఏడుస్తాండె. ఆయప్ప చెయ్యి గేరు మీద ఉండదు, మీకందరికీ తెలిసిందే. పిల్లని నడుమ పెట్టుకోని వెనక కూసోండి. ముందర సీట్లో నేను కూసుంటా, నా దగ్గర కొడవలి ఉండాది."

"ఆయప్ప" అనే ఉంది, పేరు లేదు. బీప్ అక్కర్లేదు. ఆడవాళ్ళు ఒకరినొకరు కాపాడుకోవడానికి ఫోన్‌ను ఎలా వాడుకుంటారో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ ఇంగ్లీషు సైట్‌లోనూ కనిపించలేదు. మొదటి పేజీలో పెడతాను.

జనవరి 27, సోమవారం

పేజీ బయటికి వచ్చింది. లింకులు, పాఠాలు, వాటి పైన నా సొంత సంచయం: "మిరప కోతల గొంతులు". క్లాసులో రోజూ చెప్పే జాగ్రత్త నేనూ పాటించాను. పాత పేజీలు దాచే సైట్‌లో వెంటనే ఒక నకలు దాచాను. రేపు కాలేజీ సర్వర్ పడిపోయినా, ఎవరైనా కుళ్ళుతో చెరిపేసినా ఎక్కడికీ పోదు.

బెంగళూరుకు దరఖాస్తు పంపాను. వాట్సాప్ స్టేటస్‌లో లింకు పెట్టాను, "నా కష్టం" అని. చూస్తున్నవాళ్ళ సంఖ్య పెరుగుతుంటే రాత్రి దాకా ఫోన్ కింద పెట్టలేదు. అక్క బొటనవేలు బొమ్మ పంపింది. ఆమెకు లింకు నొక్కడం రాదు.

జనవరి 29

బెంగళూరు నుంచి పిలుపు. ఇంటర్వ్యూ ఫిబ్రవరి 28న, ఆన్‌లైన్లో. "మీ గొంతుల సంచయం అరుదైనది" అని రాశారు. అరుదైనదట.

ఫిబ్రవరి 1, శనివారం

పొద్దున అక్క వాయిస్ మెసేజ్ రాలేదు. రోజూ ఆరున్నరకల్లా వస్తుంది: లేచినావా, తిన్నావా, ఏం కూర.

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 3, సోమవారం

కొట్రేశ్ క్లాసుకు రాలేదు.

సాయంత్రం తెలియని నంబరు నుంచి ఫోన్. అక్క. ఎవరి ఫోనో అడిగి తీసుకుందట. దురుగప్ప బావ ఆమె ఫోన్ లాక్కున్నాడు.

"దాంట్లో ఏం పెట్టినావు కావేరీ?"

ఏమైందక్కా అన్నాను.

"మొన్న శుక్రారం పొద్దున టెంపో కాడికి పోతిమి. టెంపోలో పాటల డబ్బా ఉండాది కదా, దాంట్లో నా గొంతు వస్తాండాది. నేను నోరు మూసుకోని నిలబడుంటే నా గొంతు మాట్లాడతాండాది. శరణప్ప నగుతా ఉండాడు. ఎక్కండమ్మా, ముందర సీటు ఖాళీగుండాది, ఈ పొద్దు ఎవురు కూసుంటారు అని అడుగుతాడు."

"ఎవరూ ఎక్కలేదు కదా?"

"అందురూ ఎక్కినారు. యాడికి పోతారు, కోతల కాలం. నన్నే ఎక్కించుకోలేదు. వేరే మేస్త్రికి గూడా చెప్పినాడంట, దీనిది నోరు పెద్దది అని."

ఫోన్ ఎవరిదో వాళ్ళు ఇవ్వమని అడుగుతున్నట్టున్నారు. పెట్టేసింది.

ఎవరు పంపి ఉంటారు? కొట్రేశే. క్లాసులో లింకు ఇచ్చాను కదా, ఊరి గుంపులో పడేసి ఉంటాడు గొప్ప కోసం. ఈ కాలం పిల్లలకు ఏది ఎక్కడ పెట్టాలో తెలిసి చావదు.

ఫిబ్రవరి 5, బుధవారం

కొట్రేశ్ వచ్చాడు. స్టాఫ్ రూమ్‌లో కాదు, గేటు దగ్గర, వేపచెట్టు కింద స్కూటర్ మీదే కూర్చుని. ఇన్నాళ్ళూ ఊరిదాన్నని అక్కా అనేవాడు, ఇవాళ మేడమ్ అన్నాడు.

"ఊళ్ళో లింకు ఎవరు పంపారు కొట్రేశ్?" అన్నాను, వాడు నోరు తెరవకముందే.

వాడు నన్ను ఒకలా చూశాడు. "అది ఇప్పుడు ఎందుకు మేడమ్."

"ఎవరి పేరూ లేదు అందులో. సహన పేరు ఎక్కడా లేదు."

"మా ఊర్లో పేరు పెట్టి ఎవురు పిలుస్తారు మేడమ్? పేరు ఓటర్ లిస్టులో ఉంటాది. బోరింగు పక్కిల్లు అంటే చిన్నపిల్లోడు గూడా మా ఇల్లు చూపిస్తాడు. మా అమ్మ నీళ్ళకు పోతే, ముందర సీటోళ్ళు వచ్చినారు అంటాండారు."

"శరణప్పను అడిగారా?"

"ఏమని అడగాల? అడిగితే అవునన్నట్ల ఐతాది. మా నాయన పిల్లని కంప్లికి పంపించినాడు, మా మామ ఇంటికి. ఇంగ చదువు వద్దు, పరీక్షలు వద్దు అంటాండాడు."

పరీక్షలు మార్చి ఒకటి నుంచి.

వాడే దారి చెప్పాడు. "ఆ పేజీ తీసేయండి. తీసేసినారంటే మా నాయనకు ఫోన్లో చూపిస్తా. చూడప్పా, ఏమీ లేదు, ఎవురో సుమ్నె, ఊరికెనే మాట్లాడినారు అని చెప్తా. కంప్లి పోయి నేనే దాన్ని పిలుచుకోని వస్తా. అది ఉన్నంతవరకు మా నాయన వినడు."

తీసేస్తానన్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఇవాళ తీసేద్దామనుకున్నాను. తిప్పన్న సార్‌తో ఒక మాట చెప్పాలి కదా, కాలేజీ పేరు మీద ఉన్న పేజీ. సార్ సెలవు.

ఫిబ్రవరి 10, సోమవారం

సార్ వచ్చారు. చెప్పాను.

"ఇంటర్వ్యూ పెట్టుకోని ఎవరైనా తీసేస్తారామ్మా? వాళ్ళు లింకు నొక్కితే ఏం కనపడాలి? 28 అయిపోనీ. ఊళ్ళో మాట నాలుగు దినాలుంటాది, అదే సద్దు అణిగిపోతాది."

సద్దు అణిగిపోతుంది. నిజమే, ఏ పుకారు ఎన్నాళ్ళు బతుకుతుందో నేనే క్లాసులో గ్రాఫు గీసి చూపిస్తాను. పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది.

అయినా 28 సాయంత్రం తీసేస్తే ఒకటో తారీకు పరీక్షకు అడ్డేముంది? కంప్లి ఏమన్నా కాశీనా, బస్సుకు గంట పని.

ఫిబ్రవరి 16, ఆదివారం

సహన ఫోన్ చేసింది, వాళ్ళ అత్త ఫోన్ నుంచి. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, పుస్తకాలు గూడా తెచ్చుకోనీలేదు నన్ను. మా కాలేజీలో హాల్ టికెట్ ఇస్తాండారంట. నువ్వు తెచ్చిపెడతావా?"

తెస్తానన్నాను.

"మా అన్న చెప్పినాడు, నువ్వు తీసేస్తే పంపిస్తారంట. తీసేసినావా?"

"తీసేస్తున్నాను సహనా. కొంచెం సాంకేతికంగా పని ఉంది."

"అంతేనా. సరేక్కా. నేను హిస్టరీ నోట్సు మతికి తెచ్చుకోని రాసుకుంటాండా, పుస్తకం లేకపోయినా."

సాంకేతికంగా పని. ఒక మీట నొక్కడం.

ఆ పిల్లకు జరిగింది శరణప్ప చేతుల్లో జరిగింది. నా పేజీలో కాదు. ఈ సంగతి ఎవరూ మాట్లాడరేం? టెంపో రోజూ తిరుగుతూనే ఉంది, పాటల డబ్బా మోగుతూనే ఉంది, దాని సంగతి అడిగే మగవాడు ఊళ్ళో ఒక్కడు లేడు. అందరికీ దొరికింది నేనే.

ఫిబ్రవరి 20, గురువారం

హాల్ టికెట్ తెచ్చాను. నా బల్ల సొరుగులో ఉంది. ఫోటోలో సహన రెండు జడలు వేసుకుంది.

పాఠం కోసం ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు వెతుకుతున్నాను. "మన పోస్టు ఎవరి కోసమో అనుకుంటాం, చూసేది వేరేవాళ్ళు" అని ఒక పాఠం ఉంది, దానికి ఉదాహరణలు కావాలి. జనవరి 27న నా స్టేటస్ చూసినవాళ్ళ వరుసను నేనే ఫోటో తీసి పెట్టుకున్నాను, సంఖ్య చూసుకుని మురవడానికి. పైనుంచి మూడోది శరణప్ప. ఎప్పుడో ఇల్లు మారినప్పుడు సామాను కోసం అతని టెంపో మాట్లాడాను, నంబరు అప్పుడు పెట్టుకున్నదే.

కొట్రేశ్ పేరు ఆ వరుసలో లేదు.

పాఠానికి వేరే ఉదాహరణ తీసుకున్నాను.

ఫిబ్రవరి 26

కొట్రేశ్ మూడుసార్లు ఫోన్ చేశాడు. క్లాసులో ఉన్నాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

తిప్పన్న సార్ తన గది ఇచ్చారు, ఫ్యాన్ చప్పుడు చేస్తుందని ఆపేయించారు కూడా. తెర మీద ముగ్గురు. లింకులన్నీ తిప్పి చూశారు. ఇలాంటి వనరుల పేజీ దక్షిణాది భాషల్లో చూడలేదన్నారు. ఒకావిడ "ముందు సీటు" ముక్క వినిపించమని అడిగింది.

వినిపించాను. అక్క గొంతు సార్ గదంతా నిండింది. "నా దగ్గర కొడవలి ఉండాది" అన్నచోట ముగ్గురూ నవ్వారు, మెచ్చుకుంటూనే.

"అద్భుతం. ఈమె ఎవరు?"

"ఒక వ్యవసాయ కూలి" అన్నాను.

"అనుమతి తీసుకున్నారా?"

"నోటిమాటగా. అందరి దగ్గరా."

ఆవిడ తలూపి ఏదో రాసుకుంది. నీతి నియమాల విభాగం ఎందుకు ఖాళీగా ఉందని ఇంకొకాయన అడిగాడు. లోతుగా రాయాలని సమయం తీసుకుంటున్నానన్నాను. అది మంచి లక్షణమన్నాడు.

అయిదింటికి పేజీ తీసేశాను. ఒక మీట. కొట్రేశ్‌కు ఫోన్ చేశాను, మాట నిలబెట్టుకున్నానన్న తృప్తితోనే చేశాను. "తీసేశాను. ఇప్పుడే కంప్లి బయల్దేరు. హాల్ టికెట్ నా దగ్గరుంది, పొద్దున సెంటర్ దగ్గర ఇస్తాను."

ఒక నిమిషం అన్నాడు. కాసేపటికి వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపాడు. నా పేజీ. అక్షరం పొల్లుపోకుండా, గొంతులతో సహా, పాత పేజీలు దాచే సైట్‌లో. నేను దాచిన నకలు.

"ఇది ఉండాది కదా మేడమ్. మా మామ కొడుక్కి గూడా తెలుసు ఇట్ల వెతికేది. మా నాయనకు ఏమని చూపియ్యాల?"

"అది... ఎవరూ అక్కడిదాకా వెళ్ళి వెతకరు కొట్రేశ్."

"వెతుకుతారు మేడమ్. చెరిపేసింది యాడ దొరుకుతాదో మీరే కదా నేర్పిచ్చింది. మొదటి సెమిస్టర్లో."

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో పాఠం బాగా పట్టుకున్నది వాడొక్కడే.

మార్చి 1, శనివారం

పరీక్షలు మొదలు. ఇవాళ కన్నడం.

హాల్ టికెట్ సొరుగులోనే ఉంది.

మార్చి 4

నకలు తీసేయమని ఆ సైట్‌కు మెయిల్ రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, ఆకులు కూడా ఇంగ్లీషులో అడుక్కోవాల్సి వచ్చింది.

మార్చి 9, ఆదివారం

ఊరికి వెళ్ళాను. బోరింగు దగ్గర నలుగురు ఆడవాళ్ళున్నారు. నన్ను చూసి మాట ఆపారు. తిట్టి ఉంటే బాగుండేది. ఒకామె నా చేతిలోని ఫోన్ వైపు చూసి కొంగు సర్దుకుంది, కెమెరా ముందు సర్దుకున్నట్టు.

అక్క గడపలోనే ఉంది.

"ఫోన్ ఆ కట్ట మీద పెట్టి లోపలికి రా."

"అక్కా, నేనేమన్నా రికార్డు చేస్తానా?"

"చేస్తావని కాదు. అది ఉంటే నాకు నోరు రాదు."

ఎండలో అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళాను. అక్క రొట్టె చేసి పుంటికూర వేసి పెట్టింది. ఎప్పుడూ రెండు రొట్టెలు ఎక్కువ వేసి గొడవ పడేది, ఇవాళ అడిగి వేసింది. మనిషి చిక్కిపోయింది. కోతల కాలం అంతా ఇంట్లోనే ఉంది, ఏ మేస్త్రీ పిలవలేదు. గుంపు ఏమైందని అడిగాను. అందరూ వెళ్ళిపోయారట, ఒక్కొక్కరే. ఇప్పుడు ఏదైనా చెప్పుకోవాలంటే నీళ్ళ దగ్గరే. చేలో చెప్పుకోవడానికి లేదు, శరణప్ప చెవులు అక్కడుంటాయి.

"ముందర సీట్లో ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?" అన్నాను. ఎందుకు అడిగానో.

"నాకేం తెలుసు. చెప్పేటోళ్ళు లేరు ఇప్పుడు."

సహన కంప్లిలోనే ఉంది, మామ అంగట్లో కూర్చుంటోంది. వాళ్ళమ్మ అక్కతో మాట్లాడటం మానేసింది.

"ఆ పిల్లని కాపాడాలనే కదా నేను చెప్తి" అంది అక్క. "నా మాటతోనే దాని చదువు పాయె. ఆయప్ప చెయ్యి ఏసినాడు, నేను నోరు ఏస్తిని. ఊరికి రెండూ ఒకటే ఐపాయె."

నాకు ఏడుపు వచ్చింది. అక్క చూడనట్టే రొట్టె తిప్పింది.

"అంతా తీసేసినావు కదా?"

"తీసేసినా అక్కా."

"సరి బిడు, పోనీలే. చదువుకున్నదానివి. నువ్వు తీసేసినావంటే తీసేసినట్లే."

వచ్చేటప్పుడు ఫోన్ పెనంలా కాలుతోంది. తీసేసిన మాట అబద్ధం కాదు. పేజీ తీసేశాను. నకలు నా చేతిలో లేదు.

మార్చి 17, సోమవారం

బెంగళూరు ఉద్యోగం వచ్చింది. తిప్పన్న సార్ స్టాఫ్ రూమ్‌లో స్వీట్లు పంచారు, నా పేరు మొదటిసారి నోటీసు బోర్డు మీద పెద్దక్షరాల్లో రాయించారు. అక్కకు చెప్పాలి. ఆమెకు ఫోన్ లేదు, దురుగప్ప బావకు చేయాలి. రేపు చేస్తాను.

మార్చి 20, గురువారం

నకలు దాచిన సైట్ నుంచి జవాబు. చాలా మర్యాదగా రాశారు. తీసేయడానికి అభ్యంతరం లేదట. ఏ ముక్కలో ఎవరి గొంతు ఉందో వివరం కావాలట, మాట్లాడినవారి పూర్తి పేరు, తీసేయమని వారే చెప్పినట్టు ఒక ఉత్తరం.

పెట్టేటప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పెట్టింది నేను కాబట్టి తీసేయమనే హక్కు నాకు లేదట, మాట్లాడినవాళ్ళకే ఉందట. న్యాయంగానే ఉంది.

అంటే అక్క దగ్గరికి వెళ్ళాలి. తీసేయలేదక్కా, ఇంకా ఉంది, నీ వేలిముద్ర కావాలి అనాలి. ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి ఒక్కొక్కరినీ అడగాలి. జనవరిలో చేయాల్సిన పని.

ఆదివారం వెళ్తాను.

మార్చి 23, ఆదివారం

వెళ్ళే ముందు ఏ ముక్కలో ఎవరున్నారో రాసుకోవాలని నకలు తెరిచాను. పొద్దున కూర్చున్నదాన్ని, మధ్యాహ్నం దాటింది. యాభై రోజులుగా పొద్దున్నే అక్క గొంతు ఫోన్లో లేదు. ఇప్పుడు ఆమె గొంతు కావాలంటే నాకు ఇదొక్కటే చోటు. ఆమె నవ్వు, దగ్గు, వెనక కోడి కూత. నేను తీయించాలనుకుంటున్నది దీన్నే.

చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. జనవరి 12 రాత్రిది. ఆడవాళ్ళు ఒప్పుకున్నారనడానికి రుజువుగా నేనే దీన్ని చివర పెట్టాను. అన్ని పేర్లకూ బీప్ పెట్టినదాన్ని ఇందులో ఒక పేరు వదిలేశాను. నాదే.

"వినండమ్మా. మా కావేరికి ఏదో చదువు పని ఉండాదంట. మన మాటలు కావాలంట. భయపడాకండి, ఎప్పట్ల మాదిరే మాట్లాడుకుందాము. అది ఎవురికీ వినిపీదు. నేను ఎత్తుకోని పెంచిన పిల్ల, నాకు తెలుసు. ఎవురికీ వినిపీదు."

మొదటి సగం మాత్రమే విని పెట్టేశానేమో, పనుల తొందరలో.

కాదు. అంతా విన్నాను. అప్పుడే విన్నాను.

బస్సు వెళ్ళిపోయింది.

మార్చి 30, ఆదివారం

ఉగాది. అక్క రమ్మని కబురు చేయలేదు. నేనూ వెళ్ళలేదు.

బెంగళూరువాళ్ళు నేను చేరకముందే మొదటి పని ఇచ్చారు: నా వనరుల పేజీని వాళ్ళ సైట్‌లో పెడతారట, గొంతులు లేకుండా, నీతి నియమాల విభాగం పూర్తి చేసి పంపమన్నారు. పండగ పూట గదిలో కూర్చుని రాశాను. మాట్లాడినవారిని నేరుగా అడగాలి, మధ్యవర్తి మాట అనుమతి కాదు. పేరు తీసేస్తే మనిషి దాగడు, ఊరు వినేటట్టు విని చూసుకోవాలి. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకునే హక్కు మాట్లాడినవారిది. ఎక్కడా తడుముకోలేదు, చెయ్యి ఆగలేదు.

గంటలో జవాబు వచ్చింది. చాలా బాగుంది, అనుభవంతో రాసినట్టుంది అన్నారు.

"త్వరలో" అన్న మాట తీసేశాను. నకలు సైట్ వాళ్ళ మెయిలుకు ఇంకా ఏమీ రాయలేదు.